పదివేల ఫోన్ మొరాయించకుండా నడవాలంటే

పోయిన ఎండాకాలం అమ్మను తీసుకుని నరసరావుపేటలో ఒక మందుల షాపుకు వెళ్లాను. బీపీ మాత్రలకు మూడొందల చిల్లర అయింది. "నేనిస్తాలే" అంటూ అమ్మ తన ఫోన్ తీసి స్కాన్ చేసింది, అంకె కొట్టింది, పిన్ కొట్టింది. అక్కడి నుంచి గుండ్రం తిరగడం మొదలుపెట్టింది. వెనక నలుగురు నిలబడ్డారు. అమ్మ ఫోన్ నా వైపు తిప్పి, "నాన్నా, ఇది తిరుగుతానే ఉందిరా. డబ్బులు పోయాయో లేదో తెలియట్లా" అంది. మొహంలో కంగారు. కౌంటర్‌లోని కుర్రాడు "ఫోన్ పాతదైపోయింది ఆంటీ, మార్చేయండి" అన్నాడు.

ఆ ఫోన్ కొని మూడేళ్లు కూడా కాలేదు. 4 జీబీ ర్యామ్ (తెరిచిన యాప్‌లు నడిచే చోటు), 64 జీబీ స్టోరేజ్ (ఫొటోలు, యాప్‌లు దాచే చోటు), అప్పట్లో పదివేల లోపు ధర. ఆ రాత్రి భోజనాలయ్యాక అమ్మ పక్కన కూర్చుని ఫోన్ మొత్తం చూశాను. స్టోరేజ్ దాదాపు పూర్తిగా నిండిపోయి ఉంది. అందులో వాట్సాప్ ఒక్కటే 23 జీబీ! గంటన్నర పట్టింది శుభ్రం చేయడానికి. తర్వాత అదే ఫోన్‌లో అదే యాప్ రెండు మూడు సెకన్లలో తెరుచుకుంది. ఈ రోజుకీ అమ్మ దాన్నే వాడుతోంది.

మన ఇళ్లలో చాలామందికి పదివేల ఫోనే బ్యాంకు పాస్‌బుక్కు, పిల్లల స్కూల్ నోటీసు బోర్డు. నాన్నకు గుంటూరు మిర్చి యార్డు ధర చెప్పేదీ అదే. అలాంటి వస్తువును "తక్కువ ధరది కదా, ఇంతే" అని వదిలేయకూడదని నా గట్టి అభిప్రాయం. ఆ రాత్రి నేను చేసినవి, ఆ తర్వాత మా చుట్టాల ఫోన్లలో చేస్తూ నేర్చుకున్నవి వరుసగా రాస్తున్నాను. ఒక ఆదివారం పొద్దున్నే కూర్చుంటే మీ అమ్మదో, అత్తగారిదో, మీదో ఫోన్ బాగుచేసుకోవచ్చు. కంపెనీని బట్టి మెనూల పేర్లు కొంచెం మారతాయి. పేరు దొరక్కపోతే సెట్టింగ్స్ పైన ఉండే వెతికే పెట్టెలో ఆ మాట కొట్టండి, వస్తుంది.

ముందు స్టోరేజ్ ఎంత ఖాళీగా ఉందో చూడండి

సెట్టింగ్స్‌లో స్టోరేజ్ నొక్కండి. మొత్తం ఎంత, వాడింది ఎంత అని చూపిస్తుంది. డబ్బా మీద 64 అని రాసి ఉన్నా పది పదిహేను జీబీ ఫోన్ సొంత సాఫ్ట్‌వేరే తీసుకుంటుంది కాబట్టి మీకు దక్కేది యాభై దాకా. నేను పెట్టుకున్న లెక్క ఇది: 64 జీబీ ఫోన్‌లో కనీసం పది జీబీ, 32 జీబీ ఫోన్‌లో కనీసం ఐదు జీబీ ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. అంతకంటే తగ్గిందంటే ఫోన్ బరువుగా నడవడం మొదలవుతుంది.

ఎందుకో తెలిస్తే ఈ పని మీద మనసు నిలుస్తుంది. తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి ఈఎంఎంసీ అనే రకం మెమరీ వేస్తారు. ఖరీదైన ఫోన్లలో ఉండే యూఎఫ్‌ఎస్ ఒకేసారి చదవగలదు, రాయగలదు. ఈఎంఎంసీ ఒకసారికి ఏదో ఒక పనే చేస్తుంది. అదీ కాక, ఫోన్ మెమరీలో పాత డేటా మీద నేరుగా కొత్తది రాయడం కుదరదు. ముందు ఒక పెద్ద గడిని మొత్తంగా చెరపాలి, తర్వాతే రాయాలి. ఖాళీ గడులు ఉంటే ఇబ్బంది లేదు. లేనప్పుడు ఉన్న డేటాను అటూ ఇటూ సర్ది, చోటు చేసుకుని, అప్పుడు రాస్తుంది. అటక నిండిపోయిన ఇంట్లో పండక్కి ఒక గంగాళం దించాలంటే ముందు పది సామాన్లు కింద పెట్టాలి కదా, అలాగే. మీకు మాత్రం తెర మీద గుండ్రం తిరుగుతున్నట్టే కనిపిస్తుంది.

వాట్సాప్ దగ్గర నింపాదిగా కూర్చోండి

నేను చూసిన ఫోన్లలో చోటంతా మింగేసింది దాదాపు ప్రతిసారీ ఇదే. కాబట్టి ఇక్కడ తొందరపడొద్దు.

వాట్సాప్ తెరిచి సెట్టింగ్స్, అందులో స్టోరేజ్ అండ్ డేటా, అందులో మేనేజ్ స్టోరేజ్ నొక్కండి. పైన రెండు గంపలు కనిపిస్తాయి. ఒకటి చాలాసార్లు ఫార్వర్డ్ అయినవి, రెండోది 5 ఎంబీ కంటే పెద్దవి. మొదటి గంపలో గుడ్ మార్నింగ్ బొమ్మలు, పండగ శుభాకాంక్షలు, చిట్కా వైద్యం వీడియోలు ఉంటాయి. పై నుంచి కింద దాకా ఒకసారి చూసి మొత్తం ఎంచుకుని తీసేయొచ్చు. రెండోదాన్ని మాత్రం ఒక్కొక్కటిగా చూడండి. అమ్మ ఫోన్‌లో ఆ గంపలో సీరియల్ ముక్కల మధ్యన మా చెల్లి సీమంతం వీడియో ఉంది, తాతయ్య చివరిసారి పొలంలో నిలబడి మాట్లాడిన వీడియో ఉంది. మొత్తం ఎంచుకుని డిలీట్ కొట్టి ఉంటే రెండూ పోయేవి. ఇలాంటివి కనిపించగానే ముందు వేరే చోట దాచుకోండి, ఆ తర్వాతే మిగతావి తీయండి.

ఇక కింద గ్రూపుల జాబితా, ఏది ఎంత చోటు తిన్నదీ పెద్ద అంకె నుంచి వరుసగా ఉంటుంది. ఊరి గ్రూపు, బంధువుల గ్రూపు, డ్వాక్రా గ్రూపు ఇవే పైన ఉంటాయి. డ్వాక్రా గ్రూపులో జాగ్రత్త. వాయిదా కట్టిన రసీదుల ఫొటోలు, తీర్మానం పుస్తకం ఫొటోలు అందులోనే ఉంటాయి, రేపు లెక్క తేడా వస్తే ఆధారం అవే. ఫోన్ వాడే మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని అడిగి తీయండి.

తర్వాత చాలామందికి తెలియని చోటు ఒకటుంది. మీరు ఎవరికైనా ఫొటో, వీడియో పంపితే దానికి ఇంకో నకలు తయారై సెంట్ అనే ఫోల్డర్‌లో కూర్చుంటుంది. అంటే మీరు తీసిన ఫొటో గ్యాలరీలో ఒకటి, పంపినప్పుడు అక్కడ ఇంకొకటి. ఫైల్స్ యాప్‌లో ఆండ్రాయిడ్, మీడియా, కామ్.వాట్సాప్, వాట్సాప్, మీడియా అనే వరుసలో లోపలికి వెళ్తే వాట్సాప్ ఇమేజెస్, వాట్సాప్ వీడియో అని ఫోల్డర్లు ఉంటాయి, వాటిలోపల ఈ సెంట్ ఉంటుంది. అసలు ఫొటో గ్యాలరీలో ఉందని చూసుకుని ఈ నకళ్లు తీసేయండి.

ఖాళీ చేసింది మళ్లీ నిండకుండా ఉండాలంటే అదే స్టోరేజ్ అండ్ డేటాలో మీడియా ఆటో డౌన్‌లోడ్ ఉంటుంది. మొబైల్ డేటా, వైఫై, రోమింగ్ మూడింటిలోనూ అన్ని టిక్కులూ తీసేయండి. ఇకపై వచ్చిన ఫొటో మసకగా కనిపిస్తుంది, కావాలనుకుంటే నొక్కి దించుకోవాలి. మొదటి రెండు రోజులు పెద్దవాళ్లు "ఫొటోలు రావట్లేదు" అని ఫోన్ చేస్తారు, ఓపిగ్గా చెప్పండి. మీడియా విజిబిలిటీ అని ఇంకో స్విచ్ ఉంటుంది. అది ఆపితే ఫొటోలు గ్యాలరీలో కనిపించవు అంతే, దిగిన ఫొటో ఫోన్‌లో చోటు తింటూనే ఉంటుంది. ఈ రెండింటినీ ఒకటే అనుకోవద్దు.

ఫొటోలు తీసేటప్పుడు ఈ పొరపాటు చేయొద్దు

గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ ఆన్ చేసి ఉంటే మీ ఫొటోలు గూగుల్ ఖాతాలోకి ఎక్కుతాయి. ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. 2021 జూన్ 1 నుంచి ఫొటోలు కూడా ఆ లెక్కలోకే వస్తున్నాయి. జీమెయిల్, డ్రైవ్‌తో పాటు వాట్సాప్ బ్యాకప్ కూడా ఇప్పుడు అందులోనే లెక్క.

ఎంతోమంది ఏం చేస్తారంటే, బ్యాకప్ అయిపోయింది కదా అని ఆ యాప్‌లోనే ఫొటోలు ఎంచుకుని డిలీట్ కొడతారు. అలా చేస్తే ఫోన్‌లోదీ పోతుంది, ఖాతాలోదీ పోతుంది. మా పిన్ని ఇలాగే కూతురి పెళ్లి ఫొటోలు పోగొట్టుకోబోయింది. ట్రాష్‌లో ఇంకా ఉండబట్టి వెనక్కి తెచ్చాం. ఫోన్‌లో చోటు మాత్రమే కావాలంటే పైన మీ ఖాతా బొమ్మ నొక్కండి, ఫ్రీ అప్ స్పేస్ అని ఉంటుంది. అది ఖాతాలో భద్రంగా ఎక్కినవాటిని చూసుకుని, ఫోన్‌లోని నకళ్లను మాత్రమే తీస్తుంది.

ఇంకో మాట. గ్యాలరీలో తీసేసిన ఫొటోలు వెంటనే పోవు, ట్రాష్‌లోకి వెళ్లి సాధారణంగా నెల రోజుల దాకా చోటు తింటాయి. అన్నీ చూసుకున్నాక ట్రాష్ కూడా ఖాళీ చేస్తేనే జీబీలు పెరుగుతాయి.

మీ ఫోన్‌లో మెమరీ కార్డు పెట్టుకునే వీలుంటే కెమెరా సెట్టింగ్స్‌లో ఫొటోలు కార్డులోకి వెళ్లేలా మార్చండి. కార్డు మాత్రం తెలిసిన షాపులో బిల్లు తీసుకుని కొనండి. సంతలో చవగ్గా దొరికే పెద్ద సైజు కార్డులు చాలావరకు నకిలీవి, నిండే సమయానికి ఫొటోలు పాడైపోతాయి.

యాప్‌లలో ఏవి ఉంచాలి, ఏవి తీయాలి

ఆరు నెలలుగా తెరవనివి తీసేయండి, దీని గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఫోన్‌తో పాటే వచ్చి, తీయడానికి కుదరని వాటికి డిజేబుల్ అనే బటన్ ఉంటుంది, అది నొక్కండి.

క్లీనర్, బూస్టర్, బ్యాటరీ సేవర్ పేర్లతో ఉన్న యాప్‌లను మాత్రం ఒక్కటి కూడా ఉంచొద్దు. అవి ఫోన్‌ను వేగంగా చేయవు. వెనకాల నడుస్తూ ర్యామ్ తింటాయి, ప్రకటనలు చూపిస్తాయి. పనికిమాలిన ఫైళ్లు, ఒకే ఫొటో రెండుసార్లు ఉండటం లాంటివి చూసుకోవడానికి గూగుల్ వాళ్ల ఫైల్స్ యాప్ సరిపోతుంది, అది ఉచితం.

ఇటీవల వాడిన యాప్‌లన్నిటినీ పది నిమిషాలకోసారి పైకి తోసేసే అలవాటు చాలామందికి ఉంది. వేగం కోసం అనుకుంటారు కానీ ఫలితం తిరగబడుతుంది. ర్యామ్‌లో సిద్ధంగా ఉన్న యాప్‌ను తీసేస్తే, మళ్లీ తెరిచినప్పుడు ఫోన్ దాన్ని మొదటి నుంచి నెమ్మది మెమరీలోంచి చదివి తేవాలి. బ్యాటరీ కూడా ఎక్కువ ఖర్చవుతుంది. ఏదైనా యాప్ బిగుసుకుపోతే దాన్ని ఒక్కదాన్నే తోసేయండి. దీనికి బదులు వారానికోసారి, ఆదివారం అనుకోండి, ఫోన్ రీస్టార్ట్ చేయండి.

వర్చువల్ ర్యామ్ అని 4 జీబీకి ఇంకో 4 జీబీ కలుపుతామనే సెట్టింగ్ ఉంటుంది. అది నిజం ర్యామ్ కాదు, స్టోరేజ్‌లోంచే కొంత చోటు తీసుకుని ర్యామ్‌లా వాడుకోవడం. స్టోరేజ్ ఇరుకుగా ఉన్న ఫోన్‌లో నేనైతే దాన్ని ఆపేస్తాను. ఇంకా చురుగ్గా అనిపించాలంటే సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్లి రిమూవ్ యానిమేషన్స్ ఆన్ చేయండి. తెరలు జారుకుంటూ రాకుండా టక్కున తెరుచుకుంటాయి. డెవలపర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి చేసే పద్ధతీ ఉంది కానీ, అది ఆన్‌లో ఉంటే కొన్ని బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు. పెద్దవాళ్ల ఫోన్‌లో అది ముట్టుకోకపోవడమే మంచిది.

ఫోన్ ముట్టుకోకుండానే ప్రకటనలు వస్తుంటే, క్రోమ్ తెరిచి సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్ చూడండి. ఎప్పుడో ఏదో వెబ్‌సైట్‌లో "అలో" నొక్కి ఉంటారు, ఆ పేర్లన్నీ అక్కడుంటాయి, ఆపేయండి. అప్పటికీ తెర నిండా ప్రకటన వస్తుంటే సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే ఓవర్ అదర్ యాప్స్ అని వెతకండి. టార్చ్, వాల్‌పేపర్, క్యూఆర్ స్కానర్ లాంటి యాప్‌లకు ఆ అనుమతి ఉంటే అనుమానించాల్సిందే.

ఎండ, ఛార్జింగ్

మా పల్నాడులో మే నెల అంటే చెప్పక్కర్లేదు, రెంటచింతల ఎండ పేరు అందరికీ తెలుసు. ఫోన్ బ్యాటరీకి వేడే పెద్ద శత్రువు. బండి హ్యాండిల్‌కు ఫోన్ తగిలించి, మ్యాప్ పెట్టి, పైగా ఛార్జింగ్ కూడా పెట్టి మిట్టమధ్యాహ్నం తిరిగే డెలివరీ కుర్రాళ్లు, ఆటో అన్నలు ఏడాదిన్నరకే బ్యాటరీ పోయిందంటారు. దారి తెలిసిన చోట తెర ఆపి, మాట మాత్రం వింటూ వెళ్లండి. ఛార్జింగ్ నీడలో ఆగినప్పుడు పెట్టండి. రాత్రి దిండు కింద, పరుపు మీద పెట్టి ఛార్జ్ చేయొద్దు, వేడి బయటికి పోయే దారి ఉండదు.

పూర్తిగా సున్నాకు వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఇరవై దగ్గర పెట్టి, ఎనభై తొంభై దగ్గర తీస్తే బ్యాటరీ ఎక్కువ కాలం వస్తుంది. అయినా దీనికోసం గడియారం చూస్తూ టెన్షన్ పడొద్దు, వేడి తగలకుండా చూసుకుంటే సగం పని అయినట్టే. ఛార్జర్ కొనేటప్పుడు బీఐఎస్ గుర్తు (మన దేశ ప్రమాణాల సంస్థ ముద్ర), దాంతో పాటు ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబర్ ఉందో లేదో చూడండి. పల్లెల్లో కరెంటు ఎక్కువ తక్కువలుగా వస్తుంది, గుర్తు లేని ఛార్జర్ పెట్టడం ప్రమాదం.

ఛార్జింగ్ పిన్ వదులైందని పోర్టు మార్పించే ముందు ఒక పని చేయండి. ఫోన్ ఆపేసి, వెలుతురులో ఆ రంధ్రంలోకి చూడండి. జేబులోని నూలు పోగులు, దుమ్ము గట్టిపడి అడుగున పేరుకుని ఉంటాయి. సన్నటి చెక్క పుల్లతో, టూత్‌పిక్‌తో మెల్లగా బయటికి లాగండి. సూది, పిన్నీసు వద్దు. నాన్న ఫోన్‌లోంచి కందిగింజంత ఉండ వచ్చింది, ఆ తర్వాత కేబుల్ టక్కుమని కూర్చుంది. వెనక మూత ఉబ్బినట్టు, తెర ఒక పక్క పైకి లేచినట్టు కనిపిస్తే మాత్రం అది బ్యాటరీ ఉబ్బడం. ఆ క్షణం నుంచి ఛార్జింగ్ పెట్టకండి, నొక్కకండి, తిన్నగా సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లండి.

వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు

పీఎం కిసాన్ జాబితా, బండి చలానా, బ్యాంకు కేవైసీ, పెళ్లి శుభలేఖ. ఇలాంటి పేర్లతో ఫైలు వచ్చి, చివర ఏపీకే అని ఉంటే అది ఫొటో కాదు, కాగితం కాదు, యాప్. నొక్కి ఇన్‌స్టాల్ చేస్తే మీ మెసేజ్‌లు చదివే అనుమతి అడుగుతుంది, ఇస్తే ఓటీపీలు దొంగ చేతికి వెళ్తాయి. మీకు బాగా తెలిసిన మనిషి నుంచే రావచ్చు, ఎందుకంటే ముందు వాళ్ల ఫోన్ చిక్కుకుని ఉంటుంది.

ఇప్పుడే ఒక పని చేసేయండి. సెట్టింగ్స్‌లో ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్ అని వెతకండి. వాట్సాప్, క్రోమ్, ఫైల్స్ అన్నిటికీ ఆ అనుమతి ఆపేయండి. పొరపాటున నొక్కినా ఫోన్ అడ్డు చెబుతుంది. అప్పటికే జరిగిపోయిందనిపిస్తే వెంటనే ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకు, 1930కి ఫోన్ చేయండి. 1930 సైబర్ నేరాల హెల్ప్‌లైన్. ఎంత తొందరగా చెబితే డబ్బు అవతలి ఖాతాలో ఆగే అవకాశం అంత ఎక్కువ. సిగ్గుపడి దాచుకునే గంటలోనే డబ్బు చేతులు మారిపోతుంది.

చిన్న చెల్లింపులకు యూపీఐ లైట్ పెట్టుకోవడం కూడా మంచిది. అందులో 5,000 దాకా ఉంచుకోవచ్చు, ఒకసారికి 1,000 దాకా పిన్ లేకుండా పంపొచ్చు. కూరగాయల దగ్గర, టీ కొట్టు దగ్గర నెమ్మది ఫోన్‌లో కూడా చప్పున అయిపోతుంది.

ఫోన్‌లో ఉన్న జీమెయిల్ ఎవరిది?

పెద్దవాళ్లను ఈ ప్రశ్న అడిగి చూడండి. చాలామంది "షాపులో అబ్బాయి పెట్టాడు" అంటారు. పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు. రేపు ఫోన్ బిగుసుకుపోయి మొత్తం చెరిపి మొదలుపెట్టాల్సి వస్తే, ఫోన్ మళ్లీ ఆ జీమెయిల్ ఖాతానే అడుగుతుంది. దొంగిలించిన ఫోన్ పనికిరాకుండా పెట్టిన కట్టుబాటు అది. పాస్‌వర్డ్ లేకపోతే సొంత ఫోనే తెరుచుకోదు.

కాబట్టి ఫోన్ బాగున్నప్పుడే సెట్టింగ్స్‌లో గూగుల్ తెరిచి, ఖాతాలో వాళ్ల సొంత నంబర్ రికవరీ నంబర్‌గా పెట్టండి. పాస్‌వర్డ్ మార్చి, కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. కాంటాక్ట్స్ ఆ ఖాతాలోకి ఎక్కుతున్నాయో లేదో చూడండి. మొత్తం చెరిపే ఫ్యాక్టరీ రీసెట్ అన్నిటికన్నా చివరి మందు. ఇవన్నీ సరిచూసుకున్నాక, వాట్సాప్ బ్యాకప్ తీసుకున్నాక మాత్రమే అటు వెళ్లండి.

ఫోన్ పోయిన రోజు కోసం

డయల్ ప్యాడ్‌లో *#06# కొట్టండి. పదిహేను అంకెల ఐఎంఈఐ నంబర్లు, అంటే ఆ ఫోన్‌కు మాత్రమే ఉండే గుర్తింపు నంబర్లు వస్తాయి, రెండు సిమ్ముల ఫోన్‌కు రెండు ఉంటాయి. వాటిని కాగితం మీద రాసుకోండి, ఆ ఫోన్‌లోనే ఫొటో తీసి ఉంచుకుంటే పోయిన రోజు పనికిరాదు.

ఫోన్ పోతే ముందు పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి ఆ కాపీ దగ్గర పెట్టుకోండి. అదే నంబర్‌తో కొత్త సిమ్ తీసుకోండి, ఓటీపీ దానికే వస్తుంది. తర్వాత సంచార్ సాథీలో, అంటే కేంద్ర టెలికాం శాఖ 2023 మేలో తెచ్చిన పోర్టల్‌లో, ఐఎంఈఐ, ఫిర్యాదు కాపీ, బిల్లు ఇచ్చి ఫోన్ బ్లాక్ చేయించండి. ఆ తర్వాత ఎవరు ఏ కంపెనీ సిమ్ వేసినా ఆ ఫోన్ నెట్‌వర్క్ అందుకోదు, సిమ్ వేసిన జాడ మాత్రం పోలీసులకు దొరుకుతుంది. ఫోన్ దొరికాక అక్కడే అన్‌బ్లాక్ చేసుకోవచ్చు. సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనే ముందు కూడా కేవైఎం (KYM) అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, ఖాళీ వదిలి, ఐఎంఈఐ రాసి 14422కు మెసేజ్ పెట్టి చూసుకోండి.

మా ఇంట్లో వంటగది తలుపు పక్కన తగిలించే తెలుగు క్యాలెండర్ వెనక అట్ట మీద నలుగురి ఐఎంఈఐలు రాసి ఉంటాయి. జనవరిలో కొత్త క్యాలెండర్ తగిలించేటప్పుడు అమ్మ పెన్ను తెచ్చి ఇస్తుంది, "ఆ నంబర్లు ఎక్కించు ముందు" అని.